తెల్లవారకముందు లాంగ్ రన్: రోడ్డు మీద చోదకుడి కంట పడటం ఎలా?

ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్నవారి అసలు సాధన ఏప్రిల్, మే నెలల్లోనే మొదలవుతుంది. 42.195 కిలోమీటర్ల పరుగుకు శరీరాన్ని సిద్ధం చేయడానికి పదహారు నుంచి ఇరవై వారాలు పడుతుంది కనుక, ఆదివారం లాంగ్ రన్‌లలో (వారానికోసారి చేసే సుదీర్ఘ పరుగుల్లో) చాలా భాగం నడివేసవిలోనూ, తొలకరి వానల్లోనూ పడతాయి. ఏడున్నర దాటితే ఎండ మాడ్చేస్తుంది కాబట్టి రన్నర్లు నాలుగింటికో నాలుగున్నరకో రోడ్డెక్కుతారు. జూన్ మొదటి వారంలో హైదరాబాద్‌లో సూర్యోదయం 5.40 ప్రాంతంలో, విశాఖపట్నంలో అంతకు దాదాపు ఇరవై నిమిషాలు ముందు. జనవరి మూడో ఆదివారం జరిగే ముంబయి మారథాన్ కోసం చలికాలంలో సాధన చేసేవారికి ఎండ బాధ ఉండదు కానీ, జనవరికల్లా హైదరాబాద్‌లో పొద్దు పొడిచేది 6.45 దాటాకే, శివార్లలో పొగమంచు అదనం. ఏ కాలంలో చూసినా లాంగ్ రన్‌లో మొదటి గంట చీకట్లోనే గడుస్తుంది. ఎండను తప్పించుకోవడానికి మనం చీకటిని ఎంచుకుంటున్నాం కాబట్టి, ఆ చీకటికి తగిన ఏర్పాట్లు కూడా సాధనలో భాగమే కావాలి.

ముందుగా ఒక లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. ఎదుట ఏదో ఉందని చోదకుడు గ్రహించి బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర పట్టిందనుకుంటే, ఆలోపే కారు 25 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. మొత్తం 45 మీటర్లు. డిమ్ లైటు వెలుగులో ముదురు రంగు దుస్తులు వేసుకున్న మనిషి చోదకుడి కంటికి ఆనేది సుమారు పాతిక, ముప్ఫై మీటర్ల దగ్గర. అంటే ఎంత జాగ్రత్తపరుడు నడుపుతున్నా, మిమ్మల్ని చూసిన తరువాత ఆపడానికి చోటు చాలదు. ఈ లెక్కలో నిద్రమత్తు, తాగిన మత్తు, అరిగిన టైర్లు, తడి రోడ్డు చేర్చలేదు.

దారి ముందు, దుస్తులు తరువాత

కొత్తగా పరుగు మొదలుపెట్టినవారు సాధారణంగా మెరిసే జాకెట్టు కొనడంతో జాగ్రత్త పూర్తయిందనుకుంటారు. నా లెక్కలో దానిది రెండో స్థానం. 2023 మార్చి 19న ముంబయి వర్లీ సీఫేస్‌లో పరుగెత్తుతున్న ఒక మహిళను వెనుక నుంచి వేగంగా వచ్చిన కారు ఢీకొనడంతో ఆమె మరణించారు. అదే ఏడాది జులైలో హైదరాబాద్ శివారు బండ్లగూడ జాగీర్ దగ్గర అదుపు తప్పిన కారు రోడ్డు పక్కన నడుస్తున్నవారి మీదికి దూసుకువచ్చి తల్లీకూతుళ్లను బలితీసుకుంది. అదుపు తప్పిన బండి ముందు ఏ జాకెట్టూ పనిచేయదు. అక్కడ కాపాడగలిగేది మీకూ ఆ బండికీ మధ్య ఉన్న ఎత్తైన ఫుట్‌పాత్, రెయిలింగ్, లేదా అసలు బండ్లే రాని దారి.

అందుకే ఇరవై, ముప్ఫై కిలోమీటర్లను ఒకే పొడవైన రోడ్డు మీద గీతగా గీసుకోవడం కంటే, నాలుగైదు కిలోమీటర్ల సురక్షితమైన చుట్టును పలుమార్లు తిరగడం మేలు. విసుగు పుడుతుందనేది నిజమే. కానీ ప్రతి గుంతా, ప్రతి స్పీడ్ బ్రేకరూ, ప్రతి గేటు దగ్గరి కుక్కా రెండో చుట్టుకే పరిచయమైపోతాయి, నీళ్ల సీసా ఒకేచోట పెట్టుకోవచ్చు, ఒంట్లో బాగోలేకపోతే బయలుదేరిన చోటు ఎప్పుడూ దగ్గరలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న నడక బాట, నెక్లెస్ రోడ్డు, విశ్వవిద్యాలయాల లోపలి దారులు, విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు ఇలా పనికివస్తాయి. అవుటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి పాదచారులకు ప్రవేశమే లేదు. దాని సర్వీస్ రోడ్డు తెల్లవారుజామున ఖాళీగా కనిపించినా, ఖాళీ రోడ్డంటే టిప్పర్లకూ, కాంక్రీటు లారీలకూ వేగం పెంచుకునే అవకాశమని మరిచిపోకూడదు.

ఏ దారి ఎంచుకున్నా, ముందురోజు పగటి వెలుగులో ఒకసారి బండి మీద తిరిగి చూడండి. మూత లేని మ్యాన్‌హోల్, నడుమ విరిగిన డ్రెయిన్ పలక, రంగు వేయని స్పీడ్ బ్రేకర్, ఫుట్‌పాత్ అంచున పొడుచుకువచ్చిన ఇనుప చువ్వ, ఇసుక కుప్ప, తెగి వేలాడే కేబుల్ తీగ, ఇవన్నీ చీకట్లో మడమను మెలిపెట్టేవే. వీధి దీపాలు లేని భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తుపెట్టుకోండి. జూన్ నుంచి వానలు మొదలవుతాయి గనుక, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో కూడా చూడాలి. అడుగు కనిపించని నీళ్లలో కాలు పెట్టవద్దన్నది మన నగరాల్లో సలహా కాదు, నియమం.

జిల్లాల్లో రెండు వరుసల రోడ్ల మీద సాధన చేసేవారికి మరో చిక్కు ఉంది. కోతల కాలంలో రోడ్డుకు ఒకవైపు వడ్లు ఆరబోసి, వాటి చుట్టూ బండరాళ్లో మొద్దులో పెడతారు. చీకట్లో ఆ రాయి మీకూ కనిపించదు, బైకు నడిపేవాడికీ కనిపించదు. చివరి క్షణంలో దాన్ని చూసినవాడు బండిని ఒక్కసారిగా పక్కకు తిప్పేస్తాడు. ఆ నెల రోజులూ ఆ రోడ్డును వదిలేయడమే తెలివైన పని.

ఏ వైపు పరుగెత్తాలి?

మన దేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి, ఫుట్‌పాత్ లేనిచోట రన్నర్ రోడ్డుకు కుడి అంచున, ఎదురు వచ్చే వాహనాలను చూస్తూ పరుగెత్తాలి. వచ్చేదేదో కనిపిస్తే తప్పుకోవడానికి రెండు మూడు సెకన్లు దొరుకుతాయి. వెనుక నుంచి వచ్చేదానికి అదీ దొరకదు. పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది. మన రోడ్ల మీద దీనికి కొన్ని సవరణలు అవసరం.

డివైడర్ ఉన్న రోడ్డు మీద మీరు వాహనాలకు ఎదురుగా కుడి అంచున పోతున్నప్పుడు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు సరిగ్గా అదే అంచున, మీ వెనుక నుంచి వస్తాయి. యూటర్న్ దూరమని నాలుగు వందల మీటర్లు అడ్డదారిలో వచ్చేవాడు హారన్ కూడా కొట్టడు. రెండు వరుసల రోడ్డు మీద మరో రకం: మీ వెనుక ఎడమ వరుసలో వస్తున్న బస్సు ముందున్న లారీని దాటబోయి, పూర్తిగా మీ వైపుకు వచ్చేస్తుంది. ఎదురుగా ఏమీ రావడం లేదని మీరు నిశ్చింతగా ఉన్న క్షణమే బస్సు చోదకుడికి కూడా ఎదురు ఖాళీగా కనిపించే క్షణం. కనుక ఎదురు రోడ్డు ఎంత ఖాళీగా ఉంటే అంత తరచుగా వెనక్కి చూడాలి. రెండు కరెంటు స్తంభాలకు ఒకసారి భుజం మీదుగా చూడటం అలవాటైతే పేస్‌కు (పరుగు వేగానికి) ఏ నష్టమూ ఉండదు.

కుడివైపు తిరిగే మలుపులో మీరు లోపలి అంచున ఉంటారు. ఎదురు వచ్చే చోదకుడికి చెట్టో గోడో అడ్డుపడి మీరు చివరిదాకా కనిపించరు. అలాంటి మలుపుకు యాభై మీటర్ల ముందే అటూ ఇటూ చూసుకుని ఎడమ అంచుకు మారి, మలుపు దాటాక తిరిగి కుడికి రావాలి. ఎత్తు ఎక్కి దిగే రోడ్లలో శిఖరం దగ్గర వీలైనంత వరకు రోడ్డు దిగి మట్టి అంచున పోవాలి. ఫ్లైఓవర్ల సంగతి సూటిగా చెప్పాలి: మారథాన్ రోజున పోలీసులు వాహనాలను ఆపి ఇచ్చే ఫ్లైఓవర్ వేరు, మామూలు ఆదివారం ఫ్లైఓవర్ వేరు. పక్కకు గెంతడానికి చోటు లేని దాని మీద ఎక్కుడు (ఎత్తు ఎక్కే పరుగు) సాధన చేయకండి. ఎక్కుడు కావాలంటే జూబ్లీహిల్స్ లోపలి వీధుల్లో కావలసినంత ఉంది.

కనబడటం వేరు, మనిషిగా గుర్తుపట్టడం వేరు

మెరిసే బట్టలు రెండు రకాలని చాలామందికి తెలియదు. నిమ్మపండు పసుపు, నారింజ వంటి ఫ్లోరోసెంట్ రంగులు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను గ్రహించి వెలుగుగా మార్చి పంపుతాయి. అందుకే మబ్బుపట్టిన పగటిలోనూ, తెల్లవారుతున్న వేళలోనూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నడిరాత్రి హెడ్‌లైటు ముందు ఆ గొప్పతనం దాదాపు పోతుంది. బూడిద రంగులో ఉండే రిఫ్లెక్టివ్ పట్టీ తన మీద పడిన కాంతిని వచ్చిన దిశకే తిప్పి పంపుతుంది కాబట్టి, హెడ్‌లైటు వెనుక కూర్చున్న చోదకుడికి అది దీపంలా వెలుగుతుంది. పగలు మాత్రం వట్టి బూడిద గుడ్డ. లాంగ్ రన్ చీకట్లో మొదలై పగటిలో ముగుస్తుంది కనుక రెండూ కలిసిన దుస్తులే కావాలి.

పట్టీ ఎక్కడ ఉందన్నది ఎంత పెద్దదన్నదానికంటే ముఖ్యం. ఛాతీ మీద ఒక్క పట్టీ ఉంటే దూరం నుంచి అది సైన్‌బోర్డో మరేదో తెలియదు. చీలమండలకూ, మోకాళ్లకూ, మణికట్లకూ ఉన్న పట్టీలు కదులుతూ కనిపిస్తే, మనిషి నడక తీరును మన మెదడు క్షణంలో పసిగడుతుంది. డబ్బు తక్కువగా ఉంటే నేనైతే ఖరీదైన జాకెట్టు మానేసి, నాలుగు వెల్క్రో పట్టీలు కొని కాళ్లకు రెండు, చేతులకు రెండు కట్టుకోమంటాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లాంటి మార్కెట్లలో సేఫ్టీ సామాన్ల దుకాణాల్లో, పారిశుద్ధ్య కార్మికులు వేసుకునే రకం జాకెట్లు రన్నింగ్ కంపెనీల ధరలో కొద్ది భాగానికే దొరుకుతాయి. గాలి ఆడదు, చూడటానికి అందంగానూ ఉండదు. పని మాత్రం చేస్తుంది.

అయితే రిఫ్లెక్టివ్ పట్టీకి ఒక లోపం ఉంది: ఎదుటి బండికి లైటు ఉంటేనే అది పనిచేస్తుంది. ద్విచక్ర వాహనాలకు ఇంజను వేయగానే హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు 2017 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయినా, అంతకుముందు బండ్లు, లైట్లు వెలగని పాల ఆటోలు, సైకిళ్లు రోడ్డు మీద ఇంకా ఉన్నాయి. అందుకే మీ సొంత వెలుగు మీకుండాలి. ముందువైపు, గుంతలు కనిపించేంత కాంతినిచ్చే 150 నుంచి 300 ల్యూమెన్ల హెడ్‌ల్యాంప్‌ను నేలమీద ఐదారు మీటర్ల ముందుకు పడేలా వంచి పెట్టుకోవాలి. నిటారుగా పెడితే ఎదుటివాడి కళ్లలో కొట్టి మొదటికే మోసం వస్తుంది. వెనుకవైపు నడుము దగ్గర ఎర్రగా మిణుకుమనే చిన్న దీపం తగిలించుకోవాలి. నీళ్ల బెల్టు దాన్ని కప్పేయకుండా చూసుకోండి. ఈ పొరపాటు దాదాపు అందరూ చేస్తారు.

ఇక ఒక పరీక్ష. నా దగ్గరున్న సరంజామా మీద నాకు చాలా నమ్మకం ఉండేది. ఒకరోజు రాత్రి, దీపాలు లేని మా లేఅవుట్ రోడ్డు మీద తమ్ముణ్ణి బైకు హెడ్‌లైటు డిమ్‌లో వేసి కూర్చోమని, ముదురు నీలం ఫినిషర్ టీషర్టుతో (పోటీ పూర్తి చేసినవారికి ఇచ్చేది) దూరంగా నడుచుకుంటూ వెళ్లాను. నలభై అంగలు వేసేసరికి వెనుక నుంచి కేక: "అన్నా, నువ్వు కనిపించట్లేదు, బూట్ల వెనక రెండు చుక్కలు మాత్రం ఎగురుతున్నాయి!" నలభై అంగలంటే ముప్ఫై మీటర్లు. అదే దారిలో చీలమండలకు పట్టీలు కట్టుకుని వెళితే నూట యాభై అంగల దగ్గర కూడా పరుగెత్తేది మనిషేనని చెప్పగలిగాడు. మీ ఇంట్లోవాళ్లతో ఈ పరీక్ష ఒకసారి చేయించి చూడండి. బట్టలు ఉతుకుతున్నకొద్దీ పట్టీల మెరుపు తగ్గుతుంది కాబట్టి, నెలకోసారి దీపాలు ఆర్పిన గదిలో వాటికి ఫ్లాష్‌తో ఫోటో తీయాలి. ఫోటోలో తెల్లగా మండినట్టు కనిపించని పట్టీ పని అయిపోయినట్టే.

వెలుతురు వచ్చాక

పొద్దు పొడవగానే చాలామంది జాకెట్టు విప్పి నడుముకు కట్టేస్తారు. నిజానికి సూర్యోదయం తరువాతి అరగంట చీకటి కంటే మోసపూరితమైనది. తూర్పు దిక్కుగా నడిపే చోదకుడి కళ్లలోకి ఎండ సూటిగా పడుతుంది, మురికి అద్దం మీద ఆ కాంతి చెదిరి ముందున్నదంతా తెల్లబారిపోతుంది. దీన్ని పసిగట్టడానికి తేలిక మార్గం మీ నీడే. నీడ పొడుగ్గా సాగి, ఎదురు వచ్చే బండి వైపు చూపిస్తోందంటే, ఆ చోదకుడికి మీ వెనుక సూర్యుడు తప్ప మీరు కనిపించడం లేదని అర్థం. అప్పుడు రోడ్డు దిగండి.

రెండో సంగతి అలసట. కిలోమీటరుకు ఏడు నిమిషాల పేస్‌తో 32 కిలోమీటర్లు పరుగెత్తేవారికి నీళ్ల కోసం ఆగకుండానే మూడు గంటల నలభై నాలుగు నిమిషాలు పడుతుంది. నాలుగున్నరకు మొదలుపెడితే ఎనిమిదింపావు. అంటే రోడ్డు మీద బండ్లు బాగా పెరిగే వేళకు, మీ కాళ్లూ బుద్ధీ రెండూ మొద్దుబారి ఉంటాయి. పాతిక కిలోమీటర్లు దాటాక మెడ తిప్పడం కూడా బరువనిపిస్తుంది, ఆగితే మళ్లీ కదలలేమన్న భయంతో సిగ్నల్ దగ్గర బండ్ల మధ్య నుంచి దూరేయాలనిపిస్తుంది. కనుక దారిని తిరగేసి వేసుకోవాలి: కాస్త బండ్లు తిరిగే భాగాన్ని మొదట, మనసు చురుగ్గా ఉన్నప్పుడే ముగించి, చివరి పది కిలోమీటర్లను పార్కు చుట్టూనో క్యాంపస్‌లోనో పెట్టుకోవాలి. సిగ్నల్ దగ్గర గడియారం ఆపేయండి. పరుగు మొత్తం సమయం చెడిపోతుందన్న బెంగ వల్లే చాలామంది కంగారుగా రోడ్డు దాటుతారు.

చెవుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎలక్ట్రిక్ స్కూటర్లు చప్పుడు చేయకుండా వస్తున్న ఈ రోజుల్లో రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోడ్డు మీద పరుగెత్తకూడదు. చెవిని మూయని రకం వాడినా, పాట హోరుకు మనసు అటే పోతుంది. ఎదురు బండి హైబీమ్ కళ్లకు చీకట్లు కమ్మిస్తే లైటును చూడకుండా రోడ్డంచు తెల్లగీతను చూడండి. టోపీ ముందు అంచు ఇందుకు బాగా పనికివస్తుంది.

కుక్కలు, ఒంటరి పరుగు, గుంపు

వీధి కుక్కల గుంపు మీదికి వస్తే వేగం పెంచకూడదు. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం. నడకలోకి దిగి, వాటివైపు వీపు తిప్పకుండా, కళ్లలోకి గుచ్చి చూడకుండా, గట్టి గొంతుతో అదిలిస్తూ మెల్లగా వాటి హద్దు దాటండి. రాయి తీస్తున్నట్టు వంగడం తరచుగా పనిచేస్తుంది. నిజంగా విసిరితే మరునాడు ఆ గుంపు మిమ్మల్ని గుర్తుపట్టి కాచుకుంటుంది. కరిచినా, పంటి గీత పడినా, పసుపూ సున్నమూ పూయకుండా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా మోతాదులన్నీ పూర్తి చేయాలి. చర్మం చిట్లి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాల ఇంజెక్షన్) అవసరమా అని వైద్యుణ్ణి అడగాలి.

ఒంటరిగా వెళ్లేటప్పుడు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ను ఎనిమిది గంటలకు పెట్టి ఇంట్లో ఒకరికి పంపండి, ఎన్నింటికి తిరిగి వస్తారో కూడా చెప్పండి. ఆ వేళకు రాకపోతే ఎవరు ఏం చేయాలో ముందే అనుకోకపోతే లొకేషన్ ఉండీ లాభం లేదు. పరుగు యాప్‌లో ఇంటి గేటు దగ్గరే మొదలయ్యే మ్యాపును ఊరందరికీ చూపించకుండా దాచుకోవాలి. మహిళలకు గొలుసు దొంగల భయం అదనం. మంగళసూత్రం తీసి రమ్మని చెప్పడం తేలికే కానీ అందరి ఇళ్లలోనూ అది కుదరదు. కుదరనివారు మెడ దాకా వచ్చే టీషర్టు లోపలికి వేసుకుని, వారం వారం దారినీ వేళనూ కొద్దిగా మారుస్తూ ఉండాలి. అనుమానం వస్తే డయల్ 112.

గుంపుగా పరుగెత్తేవారు మరింత క్షేమం, కబుర్లలో పడనంతవరకు. నలుగురు పక్కపక్కన రోడ్డును ఆక్రమించి పోవడం ప్రతి ఆదివారం కనిపించే దృశ్యమే. చీకట్లో ఒకరి వెనుక ఒకరు పోవాలి. ముందువాడికి తెల్ల దీపం, చివరివాడికి ఎర్ర దీపం తప్పనిసరి. "గుంత", "బండి వెనక" అని ముందూ వెనకా ఉన్నవారు కేక వేస్తే మధ్యవారు దాన్ని అందించాలి.

ఫోను లాక్ తెర మీద అత్యవసర సమాచారం పెట్టుకోండి. దానితోపాటు పేరు, రక్తం గ్రూపు, ఇద్దరి ఫోను నంబర్లు రాసిన చీటీని చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి జేబులో వేసుకోండి, ఎందుకంటే ప్రమాదంలో మొదట పగిలేది ఫోనే. తోటి రన్నర్‌కు దెబ్బ తగిలితే ముందుగా మరో బండి రాకుండా ఒకరు వెనుక నిలబడి దీపం ఊపాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే, మరో ప్రమాదం ముంచుకొస్తే తప్ప, లేపి కూర్చోబెట్టకూడదు. సాయం చేసినవారిని కేసుల పేరుతో వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది కాబట్టి వెనుకాడనక్కరలేదు.

పరుగు ముగిశాక ఇంటికి వెళ్లే ప్రయాణం కూడా లెక్కలోకి వస్తుంది. ముప్ఫై కిలోమీటర్ల తరువాత వెంటనే కారెక్కితే, సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కబోయే క్షణంలో పిక్క పట్టేయవచ్చు. ఒళ్లు చల్లబడ్డాక నిద్ర ముంచుకొస్తుంది, అప్పుడు రోడ్డు మీద చీకట్లో చూడలేని చోదకుడి స్థానంలో మీరే ఉంటారు. ఇరవై నిమిషాలు కూర్చుని, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం తాగి, రెండు ఇడ్లీలు తిని, కాళ్లు సాగదీసుకున్నాక తాళం చేతిలోకి తీసుకోండి. ఇంటికి చేరగానే వెనుక దీపాన్ని ఛార్జింగ్‌కు పెట్టడం మరవకండి. ఆదివారం పెట్టనిది శనివారం రాత్రి దాకా గుర్తుకు రాదు.